చెప్పాను, వేలిముద్రా ఉంది... మరి ఎక్కడ తప్పింది?

ఉత్తర తెలంగాణలోని ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేసే స్టాఫ్ నర్సు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

ఆమెది ఫీమేల్ మెడికల్ వార్డు. నలభై మంచాలకు ఉదయం డ్యూటీలో ఇద్దరు నర్సులు. నర్సింగ్ కాలేజీ పిల్లలు పోస్టింగ్‌కి వచ్చిన రోజున కాస్త ఊపిరి ఆడుతుంది. కొన్నాళ్ళ కిందట బీడీలు చుట్టే ఒక పెద్దావిడ కాలిపుండుతో చేరింది. రక్తపరీక్ష చేస్తే షుగర్ బయటపడింది. డాక్టరుగారు 30/70 మిక్స్‌డ్ ఇన్సులిన్ మొదలుపెట్టారు: ఉదయం 20 యూనిట్లు, రాత్రి 12. డిశ్చార్జ్ రోజున మన నర్సు మిగతా పనులు పక్కన పెట్టి అరగంట కూర్చుని అన్నీ నేర్పారు. పేషెంటుకు కళ్ళలో శుక్లాలు, సిరంజి మీద గీతలు కనిపించవు. అందుకని దగ్గరుండి చూసుకుంటున్న చెల్లెలికి నేర్పారు. సీసాను అరచేతుల మధ్య దొర్లించడం, గీత దాకా లాగడం, గాలిబుడగ తీసేయడం, పొట్ట మీద చర్మం పట్టుకుని గుచ్చడం, రోజూ చోటు మార్చడం, అరగంటలో తినడం. అన్నీ చెప్పి, ఆ చెల్లెలి చేత చేయించి చూశారు. తప్పు లేకుండా చేసింది. ఎడ్యుకేషన్ ఫారం మీద పేషెంటు వేలిముద్ర తీసుకున్నారు.

మూడు వారాలకు అదే పేషెంటు ఆటోలో పడుకుని వచ్చింది. షుగర్ 500 దాటింది, పుండు మళ్ళీ చీము పట్టింది. ఆరా తీస్తే తేలింది ఇది: చెల్లెలు తన అత్తగారింటికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ పేషెంటు కోడలికి నోటిమాటగా చెప్పింది. ఆసుపత్రి ఫార్మసీ ఇచ్చిన ఎర్రమూత సిరంజిలు పది రోజులకు అయిపోయాయి. ఊళ్ళో మెడికల్ షాపులో 'షుగర్ సూదులు' అడిగితే నారింజమూతవి ఇచ్చారు. కోడలు వాటితోనే 'ఇరవై పాయింట్లు' లాగి వేస్తూ వచ్చింది.

"మాకెవ్వరు ఇవన్ని చెప్పలే" అని ఆ కోడలు వార్డులో అందరి ముందూ అంది. డ్యూటీ డాక్టరు "ఎడ్యుకేషన్ ఇవ్వకుండా ఎలా పంపారు?" అని గట్టిగా అరిచారు. ఇన్‌ఛార్జ్ సిస్టర్ మాత్రం "వేలిముద్ర ఉందిగా, నిన్నెవరూ ఏమీ అనలేరు" అని భుజం తట్టారు. 'ఆ అరుపు కన్నా ఈ ఓదార్పే నన్ను ఎక్కువ బాధపెట్టింది' అని రాశారు మన నర్సు.

ఇప్పుడు ఎన్‌క్వాస్ (ప్రభుత్వ ఆసుపత్రుల నాణ్యతకు పెట్టిన జాతీయ ప్రమాణాలు) అసెస్‌మెంట్ దగ్గరపడుతోంది. వార్డుకు పేషెంట్ ఎడ్యుకేషన్ ప్లాన్, దాన్ని ఎలా ఇవాల్యుయేట్ చేస్తారో రాసి ఇమ్మని సూపరింటెండెంట్ ఈమెకే అప్పగించారు. మరోపక్క, పాత కేస్ షీట్లలో ఖాళీగా ఉన్న ఎడ్యుకేషన్ ఫారాలను నింపి సంతకాలు పెట్టమని ఇన్‌ఛార్జ్ ఒక కట్ట చేతిలో పెట్టారు. 'తప్పు నాదేనా? ఇద్దరం నలభై మందిని చూస్తూ ఏ ప్లాన్ వేయాలి? చెప్పింది పేషెంటుకు ఎక్కిందో లేదో ఎట్లా తెలుస్తుంది? ఆ ఫారాలు నింపాలా, వద్దా?' ఇవీ ఆమె ప్రశ్నలు.

సిస్టర్,

ముందు ఆ సిరంజి లెక్క తేల్చేద్దాం. ఈ శీర్షిక చదివే మామూలు పాఠకుల్లో కూడా ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్ళు ఉంటారు, వాళ్ళకీ పనికొస్తుంది. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి. ఒకదాంట్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, ఇంకోదాంట్లో 100. మీ ఫార్మసీ ఇచ్చింది 40ది. దానికి ఎర్రమూత సిరంజి, 100కి నారింజమూత సిరంజి. ఎర్రమూత సిరంజిలో 20వ గీత అంటే అర మిల్లీలీటరు. నారింజమూత దాంట్లో అదే 20వ గీత అంటే 0.2 మిల్లీలీటరే. అంటే మీ పేషెంటుకు ఉదయం 20కి బదులు 8 యూనిట్లు, రాత్రి 12కి బదులు అయిదు కూడా సరిగా వెళ్ళలేదు. సూది వేశారు, గీత తప్పలేదు, పూట తప్పలేదు. అయినా మందు సగం కూడా అందలేదు. ఇది తిరగబడి, 100 సీసాకు ఎర్రమూత సిరంజి వాడి ఉంటే 20 కాస్తా 50 అయ్యేది. అలాంటి పేషెంటు ఆటోలో రాదు, కొన్నిసార్లు అసలు రాదు.

ఇప్పుడు తప్పు ఎవరిదన్న మాట. మీరు నేర్పిన తీరులో నాకు వంక కనబడలేదు. చేయించి చూశారు కూడా, ఆ పని చాలామంది చేయరు. తేడా వచ్చింది నేర్పడానికి ముందు. ఆ ఇంట్లో రోజూ సూది వేసేది ఎవరు, ఈ సిరంజిలు అయిపోయాక కొత్తవి ఎక్కడ కొంటారు, ఫ్రిజ్ లేకపోతే సీసా ఎక్కడ పెడతారు అన్నవి అడగకుండానే నేర్పడం మొదలైంది. అసెస్‌మెంట్, డయాగ్నసిస్, ప్లానింగ్, ఇంప్లిమెంటేషన్, ఇవాల్యుయేషన్ అని మొదటి సంవత్సరంలోనే మనమంతా వల్లె వేస్తాం. పుండుకు కట్టు కట్టేటప్పుడు ఆ వరస తప్పం. ఎంత లోతుంది, చీము ఎంతుంది చూడకుండా గాజుగుడ్డ తీయం. పేషెంటుకు చెప్పాల్సిన దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేరుగా నాలుగో మెట్టు, అంటే ఇంప్లిమెంటేషన్ మీదికి దూకుతాం. ఇది మీ ఒక్కరి అలవాటు కాదు. టైం లేకపోతే ముందు ఎగిరిపోయేది ఎప్పుడూ ప్రశ్నలు అడగడమే.

మిగతా వాటా మీది కాదు. నెలకు సరిపడా ఇన్సులిన్ ఇచ్చి పది రోజుల సిరంజిలు ఇచ్చింది ఫార్మసీ. డిశ్చార్జ్ కాగితం మీద ఇన్సులిన్ పేరు, మోతాదు ఉన్నాయి గానీ ఏ సిరంజి అన్నది ఉన్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అది రాయాల్సింది డాక్టరు. రాసి ఉంటే మెడికల్ షాపులో కుర్రాడు కూడా చూసి ఇచ్చేవాడేమో. అరిచిన డాక్టరుగారికి ఈ సంగతి తట్టి ఉండదు.

ఆయనతో ఏం చేయాలన్నది మీ ఇష్టం. వదిలేయవచ్చు, వార్డులో అరుపులు వర్షంలా వచ్చిపోతాయి. కానీ వదిలేస్తే 'సిస్టర్ చెప్పలేదు' అన్నదే అందరికీ గుర్తుండిపోతుంది. ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు రెండు సిరంజిలూ చేతిలో పట్టుకెళ్ళి చూపించి మాట్లాడవచ్చు. ఆయన మంచివాడైతే ఆ రోజు నుంచి 'ఎర్రమూత, 40 సిరంజి' అని చీటీ మీద రాయడం మొదలుపెడతాడు. మూడోది, జరిగింది జరిగినట్టు ఇన్సిడెంట్ రిపోర్టుగా రాసి ఇవ్వడం. క్షమాపణ పత్రంలా రాయకండి, ఫిర్యాదులానూ వద్దు. ఏ సీసా, ఏ సిరంజి, ఎన్ని రోజులు, ఎన్ని యూనిట్లు తగ్గాయి, అంతే. దీనివల్ల కొన్నాళ్ళు మీవైపు చూపులు తిరుగుతాయి, అది నిజం. అయితే ఫార్మసీ ఇండెంటులో సిరంజిల సంఖ్య మారాలంటే కాగితం కావాలి, మాట సరిపోదు. నా మొగ్గు దీనివైపే.

ఆ కోడలి మీద కోపం పెట్టుకోకండి. ఆమె చెప్పింది నిజం. ఆమెకెవరూ చెప్పలేదు. బీడీల కంపెనీకి లెక్క అప్పగించుకుంటూ, పిల్లల్ని బడికి పంపుకుంటూ, అత్తకు రోజుకు రెండుసార్లు సూది వేసిన మనిషి ఆమె. ఒక్క పూట మానేయలేదని మీరే రాశారు. మీరు నేర్పాల్సిన అసలు విద్యార్థి ఇప్పుడు మీ వార్డులోనే, ఆ మంచం పక్కనే కూర్చుని ఉంది.

ఇక ప్లాన్. నలభై మందికీ ప్లాన్ వేయకండి. ఇద్దరితో అది జరగదు, జరిగినట్టు రాస్తే అది ఇంకో అబద్ధపు కాగితం అవుతుంది. మీ వార్డు నుంచి ఇంటికెళ్ళాక తెలియకపోతే ప్రాణం మీదికి వచ్చేది ఎవరికో వాళ్ళను ఏరండి. కొత్తగా ఇన్సులిన్ మొదలైనవాళ్ళు, ఫిట్స్ మందులు వాడేవాళ్ళు, రక్తం పలచబడే బిళ్ళలు వాడేవాళ్ళు. మొదటి మూడు నెలలు ఒక్క ఇన్సులిన్ వాళ్ళతోనే మొదలుపెట్టినా తప్పేం లేదు. మిగతావాళ్ళకు ఇప్పుడు చెబుతున్న నాలుగు మాటలు ఎలాగూ చెబుతారు.

ఏరిన తర్వాత, ఏం చెప్పాలన్న దాన్ని కూడా కోయండి. నెదర్లాండ్స్‌కు చెందిన కెసెల్స్ అనే పరిశోధకుడు 2003లో రాసిన ఒక సమీక్ష మన వృత్తిలో తరచూ ఉదహరిస్తారు. వైద్యసిబ్బంది చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం పేషెంట్లు అప్పటికప్పుడే మర్చిపోతారని, గుర్తున్నదాంట్లోనూ దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందని అందులో ఉంది. ఎంత ఎక్కువ చెబితే అంత తక్కువ నిలుస్తుందని కూడా. మీ అరగంట పాఠంలో ఎన్ని అంశాలున్నాయో పైన నేనే లెక్కపెట్టాను, ఆరు. ఆ చెల్లెలు ఆరూ నేర్చుకుంది, మెచ్చుకోవాలి. తర్వాత ఆమె కోడలికి చెప్పినప్పుడు ఎన్ని మిగిలాయో చూశారుగా.

ఇన్సులిన్‌తో ఇంటికెళ్ళే మనిషికి నన్నడిగితే మూడు చాలు. సరైన సిరంజితో సరైన గీత. షుగర్ డౌన్ అయితే ఎలా ఉంటుంది, ఏం చేయాలి. ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి రావాలి. రెండోదాన్ని మనం తేలిగ్గా తీసేస్తాం. చెమటలు, వణుకు, దడ, కళ్ళు తిరగడం, ఉన్నట్టుండి చిరాకు వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి, పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ తాగాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, బండి ఎక్కించాలి. ఇదంతా ఒక్క నిమిషంలో చెప్పొచ్చు. కానీ ఆ నిమిషంలో 'మీరు ఒక్కపొద్దులు ఉంటారా?' అని కూడా అడగాలి. శనివారమో గురువారమో ఒక్కపొద్దు ఉండే ఆడమనిషి, ఉదయం సూది వేసుకుని సాయంత్రం దాకా తినకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రోజాలు ఉండేవాళ్ళ సంగతీ అంతే. మానేయమని మీరు చెబితే వింటారని కాదు. ఆ రోజు మోతాదు ఎంతో డాక్టరును అడిగి వెళ్ళమని ముందే చెప్పే వీలుంటుంది.

ఆహారం చార్టు ఓపీకి వదిలేయండి. మన గోడల మీది చార్టుల్లో ఆపిల్, ఓట్స్ బొమ్మలుంటాయి. జొన్నరొట్టె, మక్కగటక, చింతపులుసు ఉండవు. ఎవరు గీస్తారో, ఎవరింట్లో చూసి గీస్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఎప్పుడు నేర్పాలన్నది ఇంకా ముఖ్యం. డిశ్చార్జ్ రోజు అస్సలు మంచిది కాదు. ఆ రోజు పేషెంటు చెవులు ఇక్కడుంటాయి, మనసు బయట ఆటో దగ్గర ఉంటుంది. కాగితం వచ్చిందా, మందులు ఇచ్చారా, సెల్‌ఫోన్ చార్జర్ సంచిలో పెట్టావా, అదే గోల. ఇన్సులిన్ మొదలైన రోజు నుంచి ఇంటికి పంపేదాకా మీరు ఎలాగూ రోజూ రెండు పూటలా సూది వేస్తారు కదా. ఆ పనినే పాఠం చేయండి. మొదటి రోజు ఇంటివాళ్ళను మంచం దగ్గర నిలబెట్టి చూడమనండి. రెండో రోజు సీసా, సిరంజి వాళ్ళ చేతికిచ్చి లాగమనండి, గుచ్చడం మీది. మూడో రోజు నుంచి వాళ్ళదే పని, మీరు చేతులు కట్టుకుని చూడడమే. ఒక్కోసారికి అదనంగా పట్టేది రెండు మూడు నిమిషాలు. డిశ్చార్జ్ రోజు ఏమీ నేర్పరు, అడిగి చూస్తారంతే. దీనికున్న ఇబ్బంది, మీరు లేని షిఫ్టులో వేరే సిస్టర్ గబగబా తనే వేసేసి వెళ్ళిపోవడం. అందుకే మెడిసిన్ చార్టులో ఇన్సులిన్ గడి పక్కన 'కోడలు - 2వ రోజు - లాగింది' అని రాసుకునే చోటు ఉండాలి. షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్‌లో అది కూడా చెప్పుకోవాలి.

ఒక్కొక్కరికీ విడిగా కుదరకపోతే గుంపుగా చెప్పడం ఉంది. మధ్యాహ్నం విజిటింగ్ టైంలో అటెండెంట్లందరినీ వరండాలో కూర్చోబెట్టి పావుగంట. నారాయణ ఆసుపత్రుల్లో మొదలై తర్వాత కర్ణాటక, పంజాబ్ ప్రభుత్వ ఆసుపత్రులకు కూడా వెళ్ళిన నూరా హెల్త్ అనే సంస్థ పద్ధతి ఇలాంటిదే. మనదేశంలో పేషెంటు పక్కన ఎప్పుడూ ఇంటిమనిషి ఒకరుంటారు, ఆ మనిషిని వార్డుకు అడ్డంగా చూడకుండా నేర్పి పంపాలన్నది దాని మూలం. గుంపులో ఒకరి ప్రశ్న పదిమందికి పనికొస్తుంది, మీ టైం మిగులుతుంది. కానీ గుంపులో సిరంజి పట్టుకోవడం రాదు, గట్టిగా మాట్లాడే ఇద్దరే మాట్లాడతారు. కాబట్టి షుగర్ డౌన్, కాళ్ళ జాగ్రత్తలు, సీసాను ఫ్రిజ్ తలుపులో పెట్టాలి గానీ ఐసు గడ్డకట్టే అరలో కాదు, ఫ్రిజ్ లేనివాళ్ళు నీళ్ళు తగలకుండా మూటగట్టి మట్టికుండలో పెట్టుకోవచ్చు అన్నలాంటివి గుంపులో. చేతిపని మంచం దగ్గర. నర్సింగ్ కాలేజీ పిల్లలకు ఎలాగూ హెల్త్ టాక్ అసైన్‌మెంట్లుంటాయి. ఎంతో కష్టపడి ఫ్లిప్ చార్టులు గీసి, మార్కులు పడ్డాక అటక మీద పడేస్తారు. ఆ టాక్ మీ వరండాలో, మీ మూడు అంశాల మీద ఇప్పించమని వాళ్ళ ట్యూటరును అడగండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

ప్లానులో లక్ష్యం అన్న గడి ఒకటుంటుంది. అక్కడ 'పేషెంటుకు మధుమేహం గురించి అవగాహన కలుగును' అని రాస్తే దాన్ని ఎవరూ కొలవలేరు, మీతో సహా. 'డిశ్చార్జ్ లోపు కోడలు, నా సాయం లేకుండా, ఎర్రమూత సిరంజితో 20వ గీతకు లాగి గాలిబుడగ తీసి చూపిస్తుంది. రెండు రకాల సిరంజిలు ముందు పెడితే తమది ఏదో పట్టుకుంటుంది' అని రాయండి. ఇవాల్యుయేషన్ గడి సగం అక్కడే నిండిపోతుంది. ఆ రెండో వాక్యం కోసం ఒక ఖాళీ నారింజమూత సిరంజిని ట్రాలీలో ఎప్పుడూ ఉంచుకోండి, గుర్తుపట్టించడానికి మాత్రమే.

తలకెక్కిందో లేదో ఎలా తెలుస్తుందన్నారు. 'అర్థమైందా?' అని అడిగితే ఎప్పటికీ తెలియదు. మన దగ్గర ఆ ప్రశ్నకు ఒకటే జవాబు, 'అయింది సిస్టరమ్మా'. కాలేదంటే తిడతారని భయం, ఇంకోసారి చెప్పించుకుంటే మీకు శ్రమ అన్న మొహమాటం. దాని బదులు 'ఇంటికి పోయినంక మీ ఆయన అడుగుతడు గదా, సిస్టర్ ఏం జెప్పిందని? ఏమని జెప్తవు?' అని అడిగి చూడండి. లేదా 'నేను సరిగ్గ జెప్పిన్నో లేదో నాకు తెల్వాలె, ఒకసారి నువ్వు జెప్పు' అనండి. పరీక్ష పెడుతున్నట్టు ఉండదు. చెప్పిందాంట్లో తప్పు దొర్లితే 'అట్ల కాదు' అనకుండా ఆ ముక్క మళ్ళీ చూపించి మళ్ళీ అడగండి. ఒకే ముక్క రెండుసార్లు తప్పిందంటే పేషెంటు మొద్దు కాదు, మీరు చెప్పే తీరు ఆమెకు సరిపడలేదు. గీత లెక్క రానివాళ్ళకు సిరంజి మీద 20 దగ్గర రంగు టేపు ముక్క అంటించి పంపవచ్చు. కానీ టేపు ఆ ఒక్క సిరంజికే, కొత్తది విప్పగానే మళ్ళీ మొదటికి వస్తుంది. కళ్ళు బాగున్న ఇంటిమనిషి దొరికితే అదే మేలు.

డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ 1959లో, కంపెనీల్లో ఇచ్చే శిక్షణను అంచనా వేయడానికి నాలుగు మెట్లు చెప్పాడు. మన పనికి అది బాగా అతుకుతుంది. విన్నవాళ్ళకు నచ్చిందా అన్నది మొదటి మెట్టు. నేర్చుకున్నారా అన్నది రెండోది. తమ చోటికి తిరిగి వెళ్ళాక అలా చేస్తున్నారా అన్నది మూడోది. దానివల్ల ఫలితం వచ్చిందా అన్నది నాలుగోది. ఫారం మీది వేలిముద్ర వీటిలో మొదటి మెట్టు కూడా ఎక్కదు. ఆ సమయానికి ఆ వేలు అక్కడ ఉందని మాత్రం చెబుతుంది. మీరు చెల్లెలి చేత చేయించి చూసింది రెండో మెట్టు. మీ పేషెంటు జారింది మూడో మెట్టు దగ్గర. అక్కడ చూసేవాళ్ళు ఎవరూ లేరు.

మూడో మెట్టుకు మీ దగ్గర మూడు నాలుగు దారులున్నాయి. అన్నిటికన్నా చవకైనది, ఓపీకి వచ్చేటప్పుడు సీసా, వాడుతున్న సిరంజి సంచిలో వేసుకుని రమ్మనడం. సంచి విప్పితే సగం కథ అక్కడే తెలుస్తుంది, ఏ మూతో చూడడానికి అర నిమిషం. ఆ వచ్చినప్పుడు పొట్ట మీద ఒకేచోట గడ్డలు కట్టాయేమో కూడా తడిమి చూడవచ్చు. కానీ రానివాళ్ళ సంగతి తెలియదు, రానివాళ్ళే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. వారం తర్వాత ఫోన్ చేయడం ఇంకో దారి. మీ సొంత నంబరు ఇచ్చారంటే అర్ధరాత్రి కూడా మోగుతుంది, మీ ఇంట్లోవాళ్ళు ఎన్నాళ్ళు ఊరుకుంటారో మీకే తెలియాలి. వార్డు ఫోనుంటే దానితోనే, ఒక నిర్ణీత టైంలో చేయడం మేలు. వాట్సాప్‌లో కోడలు సూది వేసే వీడియో పంపమనడం ఈమధ్య కొందరు చేస్తున్నారు. పనికొస్తుంది, కానీ పేషెంటు ఒంటి వీడియోలు మీ సొంత ఫోన్లో ఉండడం నాకు నచ్చదు. సిరంజిలోకి గీత దాకా మందు లాగి, ఆ సిరంజి ఫోటో తీసి పంపితే చాలు. నాలుగోది, ఆ ఊరి ఆశాకో ఏఎన్‌ఎంకో ఒక చీటీ రాయడం: 'కొత్త ఇన్సులిన్, 40 సీసా, ఎర్రమూత, ఉదయం 20, రాత్రి 12, సూది వేసేది కోడలు.' పల్లె దవాఖానలో బీపీ, షుగర్ ఎలాగూ చూస్తున్నారు కాబట్టి ఇది వాళ్ళకు కొత్త పని కాదు. చీటీ చేరుతుందా అంటే కొన్నిసార్లు చేరదు. అన్నీ చేయలేరు, సంచి, చీటీ రెండింటితో మొదలుపెట్టి చూడండి.

నాలుగో మెట్టుతో మాత్రం జాగ్రత్త. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) ఎంత తగ్గింది, ఎంతమంది మళ్ళీ చేరారు అని ప్లానులో రాయమని మిమ్మల్ని అడగవచ్చు. రాయండి, లెక్క ఉంచండి. కానీ దాన్ని మీ ఒక్కరి పనికి కొలమానంగా ఒప్పుకోకండి. కింద సెంటర్లో నెలపాటు ఇన్సులిన్ స్టాకు రాకపోతే మీరు ఎంత బాగా నేర్పినా ఆ అంకె పెరుగుతుంది. వార్డు ప్లానులో రెండో మెట్టు నూటికి నూరు మీ బాధ్యత, మూడోదాంట్లో మీది కొంత, నాలుగోది ఆసుపత్రి మొత్తానిది. ఇదే మాట సూపరింటెండెంట్‌కిచ్చే కాగితంలో రాసి పెట్టండి.

ఇక ఆ కేస్ షీట్ల కట్ట. నింపి సంతకం పెడితే ఏమవుతుందంటే, చాలామటుకు ఏమీ కాదు. పట్టుబడతారని మిమ్మల్ని భయపెట్టడం లేదు. కానీ వాటిలో ఏదో ఒక పేషెంటు రేపు కోర్టు మెట్లెక్కితే, మీరు చూడని మనిషికి మీరు నేర్పినట్టు మీ సంతకం పలుకుతుంది. అప్పుడు ఇన్‌ఛార్జ్ సిస్టర్ ట్రాన్స్‌ఫరయి ఎక్కడో ఉంటారు. ఇంకో సంగతి, ఎన్‌క్వాస్ చెక్‌లిస్టులో రికార్డు చూడడం ఒక్కటే ఉండదు. కళ్ళతో చూడడం, స్టాఫును అడగడం, పేషెంటును అడగడం కూడా ఉంటాయి. అసెస్సర్ ఫారం చూసి, పక్క మంచం మీద ఉన్నావిడ వైపు తిరిగి 'అమ్మా, సూది ఎట్లా వేసుకుంటావు?' అంటే ఆ కట్ట అంతా అక్కడే తేలిపోతుంది.

మొహం మీద వద్దంటే మీ మనసు తేలికవుతుంది. కానీ డ్యూటీ చార్ట్ వేసేది ఆ ఇన్‌ఛార్జ్ సిస్టరే. పండగ నైట్లు మీకే పడవచ్చు, ఆ కట్ట మీకన్నా చిన్న సిస్టర్ చేతికి వెళ్ళవచ్చు. ఇది కూడా లెక్కలో వేసుకోండి.

మధ్యలో ఒకటుంది. మీరు నిజంగా నేర్పినవాళ్ళ ఫారాలు ఆ కట్టలో ఉంటే, అవి మాత్రం ఇవాళ్టి తేదీ వేసి 'ఆలస్యంగా నమోదు' అని రాసి సంతకం పెట్టండి. మిగతావి ఖాళీగానే వదిలేయండి. దాంతోపాటు కొత్త ప్లాను ఫలానా తేదీ నుంచి అమల్లోకి వచ్చిందని, అప్పటినుంచి ఇన్సులిన్ పేషెంట్ల షీట్లు ఇవీ అని, చేతిలో పది నిజమైన షీట్లు పెట్టుకుని ఇన్‌ఛార్జ్ దగ్గరికి వెళ్ళండి. 'పాతవి నింపితే పేషెంటును అడిగినప్పుడు మనం దొరికిపోతాం సిస్టర్, ఇవి చూపిస్తే నిలబడతాం' అనండి. అసెస్సర్ పాత ఖాళీలకు మార్కులు తగ్గించవచ్చు, ఆమెకు నచ్చకపోవచ్చు. అయినా ఆమెకు కూడా చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. ఏ దారి పట్టినా అసెస్‌మెంట్‌కు రెండు మూడు వారాల ముందే ఆమెతో మాట్లాడండి. ముందురోజు సాయంత్రం చెబితే ఆమె చేతిలో కూడా ఏమీ ఉండదు, ఆ కట్ట ఎవరో ఒకరి చేత నింపించక తప్పదు.